పంచారామాలు మూడు రోజుల్లో: ఇంటిల్లిపాదితో కార్తీక యాత్ర

కార్తీక మాసంలో ఆదివారం రాత్రి అయ్యేసరికి ఆర్టీసీ ప్రత్యేక బస్సులు పంచారామాలకు, అంటే ఐదు ప్రసిద్ధ శివాలయాలకు, బయలుదేరతాయి. తెల్లవారుజామున అమరావతి, ఆ తర్వాత భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, చివర సామర్లకోట. సోమవారం రాత్రికి ఐదు గుళ్లూ పూర్తి. మొక్కు ఉన్నవాళ్లకి, ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లకి అది మంచి పద్ధతి. ఇంట్లో మోకాళ్ల నొప్పుల నాయనమ్మ, కారెక్కితే కడుపులో తిప్పే పిల్లాడు, వేళకి మాత్ర వేసుకోవాల్సిన తాతయ్య ఉంటే మాత్రం మూడు రోజులు పెట్టుకోండి. సోమవారాలు, పౌర్ణమి వదిలేసి మంగళ, బుధ, గురువారాల్లో వెళ్తే క్యూలు సగానికి సగం తగ్గుతాయి. స్వామి ముందు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నిలబడే వీలు దొరుకుతుంది. ఇంతదూరం వచ్చేది ఆ నిమిషం కోసమే.

ఈ యాత్ర మొత్తం ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: మధ్యాహ్నం గుడి మూసే వేళ. సాధారణంగా పన్నెండు ప్రాంతంలో తలుపులు వేస్తారు, మళ్లీ తెరిచేసరికి మూడో నాలుగో అవుతుంది. కార్తీకంలో ఈ వేళలు కొంచెం అటూఇటూ మారతాయి. పొద్దున ఒక గుడి, సాయంత్రం ఒక గుడి, మధ్యలో భోజనమూ ప్రయాణమూ అని వేసుకుంటే ఎక్కడా మూసిన తలుపుల ముందు కూర్చోవాల్సిన పని ఉండదు. కింద రాసిన మూడు రోజులూ ఆ లెక్కలోనే ఉన్నాయి. విజయవాడ నుంచి ఆరుగురు ఒక పెద్ద కారులో బయలుదేరినట్టు అనుకోండి.

బయలుదేరే ముందు రోజు

యాత్ర సగం వంటింట్లోనే తయారవుతుంది. ముందుగా ఐదు గుడ్డ సంచులు తీసుకుని, ఒక్కో గుడికి ఒక్కో సంచి సర్దండి: కొబ్బరికాయ, కర్పూరం, అగరువత్తులు, పసుపు కుంకుమ పొట్లాలు, నేతిలో తడిపిన రెండు వత్తులున్న చిన్న డబ్బా, దక్షిణకు చిల్లర. సంచి మీద గుడి పేరు రాసిన కాగితం గుచ్చితే గుడి ముందు డిక్కీ అంతా తిరగేసే పని తప్పుతుంది. అరటిపళ్లన్నీ ఒకే పక్వంలో కొనకండి. మొదటి రోజుకు పండినవి, రెండో రోజుకు దోరవి, మూడో రోజుకు ఇంకా పచ్చిగా ఉన్నవి తీసుకోవాలి. తమలపాకుల్ని, మారేడు దళాల్ని తడి నూలుగుడ్డలో చుట్టి ఉంచండి. ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే లోపల చెమ్మ పట్టి ఒక్క పూటలో నల్లబడతాయి. మారేడు నిన్నటిదైనా పూజకు పనికొస్తుందని పెద్దలు అంటారు. మూడు ఆకులూ విడిపోకుండా ఉంటే చాలు.

మొదటి రోజు రెండు పూటలకూ పులిహోర. ఆరుగురికి కిలో బియ్యం, 150 గ్రాముల చింతపండు, పావు లీటరుకు కొంచెం తక్కువ నువ్వుల నూనె, పదిహేను పచ్చిమిరపకాయలు. పులుసు ముందు రోజు రాత్రే ఉడికించి, నూనె పైకి తేలి గరిటెకు అంటుకునేదాకా దగ్గర పడనివ్వాలి. పులిహోర పాడవడానికి కారణం దాదాపు ఎప్పుడూ రెండే: పులుసు పలచగా దించెయ్యడం, అన్నం వేడి మీద డబ్బాలో పెట్టి మూత బిగించడం. ఆవిరి మూతకు పట్టి నీళ్లై అన్నం మీద పడితే మధ్యాహ్నానికి జిగురొస్తుంది. తెల్లవారుజామున మూడున్నరకు గ్లాసు బియ్యానికి గ్లాసున్నర నుంచి పావు తక్కువ రెండు గ్లాసుల లెక్కన నీళ్లు పోసి అన్నం పొడిగా వండి, పళ్లెంలో పరిచి, పసుపూ ఉప్పూ నూనే పట్టించి పూర్తిగా చల్లారాక పులుసు కలపండి. కలపగా మిగిలే పులుసు కోసమే అదనంగా మరో వంద గ్రాముల చింతపండు ఉడికించి గాజు సీసాలో పోసి పెట్టుకుంటే, రెండో రోజూ మూడో రోజూ ఎక్కడ వేడన్నం దొరికినా పులిహోరే.

దద్దోజనానికి పెరుగు ఎక్కువ వేస్తే మధ్యాహ్నానికి పులిసిపోతుంది. గ్లాసు బియ్యానికి మూడు గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా ఉడికించి మెదిపి, రెండు గ్లాసుల కాచిన పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక రెండు చెంచాల పెరుగు మాత్రమే కలపండి. కారులో వెళ్తూండగానే తోడుకుని, తినే వేళకి కమ్మగా ఉంటుంది. కందిపొడి, చిన్న నెయ్యి సీసా, జంతికలు, సున్నుండలు చేర్చుకుంటే చాలు. కార్తీకంలో చాలా ఇళ్లల్లో ఉల్లి, వెల్లుల్లి ముట్టరు కాబట్టి బయట తిండి మీద ఆధారపడితే అక్కడే ఇబ్బంది వస్తుంది. నక్తం, అంటే పగలంతా ఉపవాసం, ఉండేవాళ్లకి సాయంత్రం చుక్క చూశాక వెంటనే ఏదో ఒకటి చేతికందాలి. వాళ్ల డబ్బా విడిగా, పైన పెట్టండి. చక్కెర జబ్బుకు మందులు వాడేవాళ్లు ఉపవాసం గురించి వైద్యుణ్ణి అడగకుండా నిర్ణయించుకోకూడదు.

తులసి కుండీకి మూడు రోజుల నీళ్లు అందాలంటే పక్కన బకెట్‌ను కుండీకన్నా ఎత్తులో పెట్టి, లావుపాటి నూలు తాడు ఒక కొస బకెట్ అడుగుదాకా, రెండో కొస మట్టిలో నాలుగు అంగుళాల లోతుదాకా వెయ్యండి. తాడు ముందే తడపకపోతే నీళ్లు లాగదు. ఇక దేవుడి దగ్గర దీపం. వెలుగుతున్న దీపాన్ని వదిలి తాళం వెయ్యకూడదు, ఊది ఆర్పడానికీ మనసు ఒప్పదు. అందుకే బయలుదేరే వేళకి గంట ముందే కొద్దిపాటి నూనెతో వెలిగిస్తే, సామాను కారులోకి చేరేలోపు అదే కొండెక్కుతుంది.

మొదటి రోజు: అమరావతి, భీమవరం

ఉదయం ఐదింటికి బయలుదేరాలి. ఫోన్లో దారి పెట్టుకునేటప్పుడు ఉత్త "అమరావతి" అని కొడితే రాజధాని ప్రాంతంలోకి, వెలగపూడి వైపు తీసుకెళ్లి వదిలే ప్రమాదం ఉంది. "అమరేశ్వరస్వామి దేవాలయం" అని పూర్తిగా కొట్టండి. గుడి ఉన్న పాత ఊరు ఇంకా పడమరకు ఉంటుంది. విజయవాడ నుంచి గంట, గంటుంపావు ప్రయాణం.

కృష్ణ ఒడ్డున చిన్న దిబ్బ మీద గుడి. లోపలికి వెళ్లేకొద్దీ మెట్లు ఎక్కాలి, ప్రాకారాలు దాటాలి. తారకాసురుడి కంఠంలో ఉన్న ఆత్మలింగాన్ని కుమారస్వామి ఛేదిస్తే అది ఐదు ముక్కలై ఐదు చోట్ల పడిందని, వాటిని ఐదుగురు ప్రతిష్ఠించారని స్థలపురాణం. ఇక్కడ ప్రతిష్ఠించినవాడు ఇంద్రుడు. పిల్లలకి ఈ కథ కారులోనే చెప్పి తీసుకెళ్తే ప్రతి గుళ్లోనూ "ఇక్కడ ఎవరు పెట్టారు?" అని వాళ్లే అడుగుతారు. భీమవరంలో చంద్రుడు, పాలకొల్లులో విష్ణుమూర్తి, ద్రాక్షారామంలో సూర్యుడు, సామర్లకోటలో కుమారస్వామే.

అమరేశ్వరుడిది తెల్లని, చాలా ఎత్తైన లింగం. పూజారి పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తారు. లింగం పెరిగిపోతూంటే శిరసున మేకు కొట్టారని, అక్కడ రక్తం చిందిన గుర్తే ఆ ఎర్రటి మరక అని చెబుతారు. అభిషేకం చేయించాలంటే మగవాళ్లకి పంచె ఉండాలి, అది డిక్కీ అడుగున కాకుండా చేతి సంచిలో ఉండాలి. ఇప్పుడు కనిపిస్తున్న గుడిని తీర్చిదిద్దింది జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. చింతపల్లి నుంచి తన రాజధానిని ఇక్కడికి మార్చుకుని, స్వామి సేవలోనే గడిపినవాడు. అమ్మవారు బాలచాముండిక. దర్శనమయ్యాక కృష్ణ ఘాట్‌లో కాళ్లు కడుక్కుని, అక్కడే మెట్ల మీద అల్పాహారం కానివ్వండి.

పక్కనే ఉన్న బౌద్ధ మహాచైత్యం, పురావస్తు శాఖ మ్యూజియం చూడకుండా వెనక్కి తిరగొద్దు. మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఇక్కడి శిల్పాల్లో చాలా భాగం చెన్నై మ్యూజియానికీ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికీ చేరిపోయాయి. అయినా మిగిలిన పలకల మీద చెక్కిన ఏనుగుల ముందు పిల్లలు చాలాసేపు నిలబడతారు. పదిన్నరకి కారెక్కాలి.

విజయవాడ మీదుగా గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం. కైకలూరు దగ్గర్నుంచి దారికి రెండు వైపులా కొల్లేటి చెరువులు. చేపల లారీలు నీళ్లు కారుస్తూ వెళ్తాయి కాబట్టి రోడ్డు తడిగా, జారుగా ఉంటుంది. కార్తీక మాసం చివర్లో తెల్లవారుజామున ఇక్కడ మంచు కమ్ముతుంది. ఈ దారిని పగలే దాటెయ్యడం మంచిది. భోజనం దారిలో నీడ చూసుకుని కానిచ్చి, భీమవరంలో గది తీసుకుని పెద్దవాళ్లని ఒక గంట నడుం వాల్చనివ్వండి. ఈ గంట విశ్రాంతిని తగ్గించుకుంటే రెండో రోజంతా దాని ప్రభావం కనిపిస్తుంది.

నాలుగున్నరకి గునుపూడి సోమేశ్వరుడు. లింగం పౌర్ణమికి తెల్లగానూ, అమావాస్యకి బూడిద వర్ణంలోనూ కనిపిస్తుందని ప్రసిద్ధి. స్వామికి సరిగ్గా పైఅంతస్తులో అన్నపూర్ణాదేవి ఉండడం ఇక్కడి విశేషం. గుడి ముందు చంద్రకుండం. అక్కడే దీపాలు పెట్టుకుంటే బాగుంటుంది. గుడి పెద్దది కాదు, ముప్పావుగంటలో పూర్తవుతుంది.

రెండో రోజు: పాలకొల్లు, గోదావరి దాటి ద్రాక్షారామం

భీమవరం నుంచి పాలకొల్లు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఆరున్నరకి గుడి ముందు ఉంటే తొమ్మిది అంతస్తుల గాలిగోపురం మీద ఎండ పడుతూ కనిపిస్తుంది. దాని ఎత్తు 120 అడుగులు. క్షీరారామలింగేశ్వరుడు పాలలాగే తెలుపు. ఉపమన్యువు పాల కోసం తపస్సు చేస్తే స్వామి అనుగ్రహించాడన్న కథ ఈ ఊరి పేరుతోనే ముడిపడి ఉంది. మెట్లు ఎక్కే పని పెద్దగా లేదు కాబట్టి పెద్దవాళ్లకి ఇదే సుఖమైన దర్శనం. వాళ్లని ఇక్కడ తొందరపెట్టకండి.

ఆ తర్వాత చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ గోదావరి దాటితే కోనసీమ. రాజోలు, అమలాపురం దాకా కొబ్బరితోటల మధ్య మలుపుల రోడ్డు. కారు ప్రయాణం పడని పిల్లలకి ఇబ్బంది వచ్చేది ఈ నలభై, యాభై కిలోమీటర్లలోనే. పాలకొల్లులో కడుపునిండా టిఫిన్ పెట్టి ఎక్కించకండి. రెండు ఇడ్లీలు చాలు. ముందు సీట్లో కూర్చోబెట్టి, ఫోను తీసేసుకుని, అద్దం కొంచెం దించండి. అంతర్వేది, అప్పనపల్లి కూడా ఇటే కదా అని ఎవరో ఒకరు అంటారు. రెండూ గొప్ప క్షేత్రాలే. కానీ వాటిని ఈ రోజులో ఇరికిస్తే ద్రాక్షారామానికి చీకటి పడ్డాక, అలసిపోయి చేరతారు. వాటికోసం ఇంకోసారి రావడమే న్యాయం. దారిలోనే ఉన్న అయినవిల్లి సిద్ధి వినాయకుణ్ణి మాత్రం పదకొండులోపు దర్శించుకోవచ్చు.

అయినవిల్లి దాటితే ముక్తేశ్వరం రేవు. ఎదురొడ్డున కోటిపల్లి. మధ్యలో గౌతమి గోదావరి. ఇక్కడ వంతెన లేదు, పంటు ఉంది. రెండు పడవల్ని పక్కపక్కన చేర్చి పైన బల్లలు పరిచిన ఈ పంటు మీదే మనుషులూ, మోటార్‌సైకిళ్లూ, కార్లూ దాటుతాయి. కారు ఎక్కించేటప్పుడు డ్రైవరు తప్ప అందరూ దిగాలి. కారు పంటు మీదకి చేరాక హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో వదిలి, చక్రాల కింద చెక్క ముక్కో రాయో పెట్టారో లేదో చూసుకోండి. పిల్లల చెయ్యి ఒడ్డు చేరేదాకా వదలకూడదు, లైఫ్ జాకెట్లు అడిగి తీసుకోవాలి. ఇంజను చప్పుడు, నీటి వాసన, నది మధ్యకి రాగానే ఒక్కసారిగా చల్లబడే గాలి. తాతయ్యలు తమ చిన్నప్పటి రేవుల పేర్లు చెప్పడం మొదలుపెట్టేది సరిగ్గా ఇక్కడే. మూడు రోజుల్లో ఇంటిల్లిపాదీ ఒకేవైపు చూస్తూ నిలబడే సమయం ఇది.

వరద ఉంటే పంటు ఆపేస్తారు. నీళ్లు మరీ తగ్గి ఇసుక మేటలు వేసినా ఇబ్బందే. అందుకని అమలాపురంలోనే రేవు నడుస్తోందా అని ఆటోవాళ్లని అడగండి. నడవకపోతే ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వెళ్లి, బాలయోగి వంతెన దాటి యానాంలోకి దిగి అక్కణ్ణుంచి ద్రాక్షారామం చేరొచ్చు. కొంచెం చుట్టు, కానీ రోడ్డు బాగుంటుంది.

మధ్యాహ్నం ద్రాక్షారామంలోనో, రామచంద్రపురంలోనో గది చూసుకుని, నాలుగింటికి గుడికి వెళ్లండి. దీనికి రెండు గంటలు కేటాయించాలి. తక్కువైతే అన్యాయం. వేంగీ చాళుక్య రాజు చాళుక్య భీముడి కాలం నాటి కట్టడం. గోడల మీదా స్తంభాల మీదా వందల కొద్దీ శాసనాలు. శ్రీనాథుడు భీమఖండం రాసింది ఈ భీమేశ్వరుడి మీదే. శ్రీశైలం, కాళేశ్వరంతో కలిపి త్రిలింగాల్లో ఇది ఒకటి. తెలుగు అన్న మాటే త్రిలింగం నుంచి వచ్చిందని చెప్పే పెద్దలున్నారు.

లింగం రెండు అంతస్తుల ఎత్తు. కింద లింగం చుట్టూ ప్రదక్షిణ చేసే దారి చీకటిగా, ఇరుకుగా ఉంటుంది. ఒకప్పుడు గోడల్లో పొదిగిన మణుల వెలుగే ఈ దారికి దీపమని చెప్పుకుంటారు. ఇప్పుడైతే పెద్దవాళ్ల ముందు ఒకరు, వెనక ఒకరు నడవాలి. పైకి మెట్లెక్కితే శిరోభాగం దర్శనం, అభిషేకం అక్కడే. మోకాళ్లు సహకరించనివాళ్లు కింద పాదభాగానికి దణ్ణం పెట్టుకుంటే లోపమేమీ లేదు. పైకి ఎక్కలేకపోయానని నొచ్చుకునే నాయనమ్మని అక్కడే కూర్చోబెట్టి, పైనుంచి తీర్థం తెచ్చి ఇవ్వండి. మాణిక్యాంబ అమ్మవారు అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకరు. అమ్మవారి సన్నిధిలో కుంకుమపూజ చేయించుకునేవాళ్లు ఆ పొట్లం విడిగా తెచ్చుకోవాలి. రాతి నేల పగలు కాలుతుంది, సాయంత్రానికి కాళ్లకు హాయిగా ఉంటుంది. ద్రాక్షారామాన్ని సాయంత్రానికి ఉంచడంలో అదీ ఒక కారణం.

మూడో రోజు: కోటిపల్లి స్నానం, సామర్లకోట

తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి మళ్లీ కోటిపల్లి రేవుకే వెళ్లాలి. నిన్న దాటిన నదిలో ఇవాళ స్నానం. ఘాట్ మెట్లు నీటి అంచున పాచి పట్టి ఉంటాయి. తడి మెట్టు మీద నిలబడొద్దు, కూర్చుని జరగండి. పెద్దవాళ్లూ పిల్లలూ మెట్టు మీదే కూర్చుని చెంబుతో పోసుకుంటే చాలు, మూడు మునకలు వెయ్యాలనుకునేవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడుం లోతు దాటకుండా వెయ్యాలి. పొడిబట్టలు మొదటి మెట్టు మీద కాదు, పైన ఒకరి చేతిలో ఉండాలి.

నీటిలో వదిలే దీపానికి జానెడు అరటి దొప్ప కావాలి. అడుగు చదునుగా ఉన్న ముక్క చూసుకోండి, గుండ్రంగా ఉంటే ఒరిగిపోతుంది. నూనె రెండు చెంచాలకు మించితే బరువు ఒకవైపు పడి ఆరిపోతుంది. అగ్గిపుల్లతో గాలికి కుదరదు, వత్తి కొసకి చిటికెడు కర్పూరం నలిపి అద్ది వెలిగిస్తే ఒక్కసారే పట్టుకుంటుంది. దొప్పని తొయ్యకుండా, అరచేత్తో నీటిమట్టానికి దించి చెయ్యి కిందకి తీసెయ్యాలి. థర్మోకోల్, ప్లాస్టిక్ దొప్పలు కొనొద్దు, అవి నదిలోనే మిగిలిపోతాయి. 365 వత్తుల కట్ట మాత్రం ఒడ్డునే, వెడల్పు ప్రమిదలో వెలిగించండి. అది రాత్రంతా నేతిలో నానితేనే లోపలి పోగులదాకా నెయ్యి పట్టి చివరిదాకా వెలుగుతుంది. అప్పటికప్పుడు పైన నెయ్యి పోస్తే పైపోగులు కాలి, లోపలిది పొగ చుట్టుకుంటుంది. ఇంత పెద్ద మంట దగ్గర పైటకొంగులు దోపుకోవాలి.

ఒడ్డున సోమేశ్వరుణ్ణి దర్శించుకుని ఎనిమిదిలోపు బయలుదేరితే, కాకినాడ మీదుగా పదిన్నరలోపు సామర్లకోట. ద్రాక్షారామం చూసి వచ్చినవాళ్లు కుమారారామంలోకి అడుగుపెట్టగానే గుర్తుపడతారు: అదే పోలిక, అవే రెండు అంతస్తులు, కింద పాదం, పైన శిరస్సు. పిల్లల్ని అడిగి చూడండి, తేడాలు వాళ్లే పట్టుకుంటారు. సున్నపురాతి లింగం, ఎదురుగా ఏకశిలా నంది, స్తంభాల మండపం. అమ్మవారు బాలాత్రిపురసుందరి. పురావస్తు శాఖ చూసుకునే ఆవరణ కాబట్టి నేల శుభ్రంగా, చెట్లనీడ చల్లగా ఉంటుంది. ఐదో సంచి ఇక్కడ ఖాళీ అవుతుంది. మిగిలిన వత్తులూ, పళ్లూ, సున్నుండలూ ఆవరణ బయట అడిగినవాళ్లకి ఇచ్చేస్తే సామాను తేలిక.

ఇంకా ఓపిక ఉంటే పిఠాపురం దగ్గరే. పురుహూతికా శక్తిపీఠం, పాదగయ అక్కడే. సాయంత్రం తెరిచే వేళకి వెళ్లాలి. పెద్దవాళ్లు అలసిపోతే వాళ్లని సామర్లకోట జంక్షన్‌లో రైలెక్కించడం కూడా మంచి ఆలోచన, విజయవాడ వైపు బండ్లు ఎక్కువ. కారులో వెనక్కి వచ్చేవాళ్లు ఐదు గుళ్ల విభూతినీ ఐదు పొట్లాల్లోనే ఉంచి, ఏది ఏ గుడిదో ఆ రాత్రే పైన రాసుకోవాలి. మర్నాడు పొద్దున తులసి దగ్గర బకెట్ తీసేసి, ఇంట్లో దీపం పెట్టాక, ఇరుగుపొరుగుకి ప్రసాదం పంచేటప్పుడు అందరూ అడిగేది అదే.